పోస్టమ్మ ఎడమకాలు

"అమ్మా, పోస్టమ్మ వచ్చింది. ఒక్కసారి కిందికొచ్చి ఆవిడ ఎడమకాలు తీసిపెట్టు."

మామగారు మెట్ల మొదట్లో నిలబడి కేకేసేసరికి కోడలు ఇంకా నడుం వాల్చనేలేదు. మంచం అంచున కూర్చుని తడి చేతులు తుడుచుకుంటోంది. వారానికి ఒక్క సెలవు. ఆ రోజున బట్టలు ఉతికి ఆరేసి, వారానికి సరిపడా కూరగాయలు తరిగి పెట్టి, మిగిలిన ముక్కలో నిద్రపోదామని ఆమె వారమంతా అనుకుంటుంది. ఆ ముక్కని ఎప్పుడూ ఎవరో ఒకరు కొరుక్కుపోతారు.

"వస్తున్నా మామయ్యా" అంది.

"మోగింది గంట" అన్నారు అత్తగారు వంటింట్లోంచి. "నీ మంత్రాలతో పనులన్నీ వాటంతటవే అయిపోతాయన్నావు. ఆ మంత్రాలొచ్చాక నువ్వు కాలు చాపుకుని కూర్చోగా నేనైతే చూళ్ళేదు."

అది నిజమేననుకుంటూ కోడలు మెట్లు దిగింది.

అత్తగారు మంత్రాలనేవి స్క్రిప్టులు. ఒక ఫైలులో చేయాల్సిన పనులన్నీ వరసగా ఆజ్ఞల్లాగా రాసిపెడితే, కంప్యూటరు వేళకి లేచి ఎవరూ చెప్పకుండానే వాటిని చేసుకుపోతుంది. కోడలి ఉద్యోగమే అది. ఊరి చివర పార్సిళ్ళ గిడ్డంగిలో, పాత ఫైళ్ళు తుడిచే స్క్రిప్టులూ కొత్తవి సర్దే స్క్రిప్టులూ రాస్తూ కూర్చుంటుంది. చేతిలో విద్య ఉంది కదా అని ఇంట్లోనూ రాసింది. భర్త సరుకుల వ్యాను నడుపుతాడు. అతని ఫోనులో నిండిపోయే డెలివరీ ఫొటోలని తేదీలవారీగా సర్దడానికి ఒకటి, కరెంటు బిల్లు గడువు గుర్తుచేయడానికి ఒకటి, కింద కొట్టుకి అన్నిటికంటే పెద్దది ఒకటి. పని తగ్గుతుందనే రాసింది. తగ్గిన చోటల్లా మరో పని వచ్చి చేరింది. అద్దె గది ఖాళీ అవడమే ఆలస్యం, ఇంకొకళ్ళు సామానుతో దిగిపోయినట్టు.

కింద కొట్లో పోస్టమ్మ బల్ల మీద కూర్చుని, ఎడమకాలి బూటు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. యాభై దాటిన మనిషి. భుజాన ఉత్తరాల సంచీ మోసి మోసి ఆ పక్క భుజం కాస్త కిందికి జారింది. చాలా ఏళ్ళ కిందట మెట్ల మీంచి పడితే ఎడమకాలు విరిగి, పొట్టిగా అతుక్కుంది. పాదం కూడా కాస్త లోపలికి తిరిగింది.

"రావమ్మా. నా కాలు నీ దగ్గరే ఉందంటగా! ఇచ్చేయ్, పోతాను" అంది నవ్వుతూ.

మామగారు అందరూ వేసుకునే చెప్పులు కుట్టరు. ఒక కాలు పొట్టైనవాళ్ళకి, పాదం వంకర తిరిగినవాళ్ళకి, వేళ్ళు పోయినవాళ్ళకి బూట్లు కుడతారు. ఒక్కో పాదానికి ఒక్కో కొయ్య అచ్చు. దాని మీదే తోలు బిగించి కుట్టాలి. మొదటిసారి ఏ బూటూ సరిపోదు. మనిషి నడిచి చూసి ఇక్కడ నొక్కుతోందంటుంది. ఆయన అచ్చుని అక్కడ ఆకురాయితో అరగదీస్తారు. ఇక్కడ వదులైందంటుంది. అక్కడ తోలు ముక్క అతికిస్తారు. అలా నెలల తరబడి దిద్దితే ఒక అచ్చు సరైన అచ్చవుతుంది. పోస్టమ్మ ఎడమకాలైతే ఏడాది తిప్పలు పెట్టింది.

"సోలు విరిగింది చూడు" అని బూటు తిరగేసి చూపించింది పోస్టమ్మ. "దీంతో నడిస్తే కుంటుతున్నా. వచ్చే నెల ఆఫీసు డాక్టరు ముందు నడిచి చూపించాలట. కుంటితే నన్ను ఉత్తరాలు వేరుచేసే గదిలో స్టూలు మీద కూర్చోబెడతారు. ఒకసారి ఆ స్టూలు ఎక్కినవాళ్ళని మళ్ళీ వీధిలో చూసినవాళ్ళు లేరు. నాకు వీధి కావాలి తల్లీ. అదే కాలు, అదే బూటు, ఇంకో జత. అంతే."

కోడలు కంప్యూటరు ముందు కూర్చుని, అచ్చుల ఫోల్డరు తెరిచింది. కుట్టు మీదున్నవాళ్ళవి నాలుగైదు ఉన్నాయి. పోస్టమ్మది లేదు.

"ఇక్కడ లేదు మామయ్యా."

"ఇక్కడెందుకుంటుంది? బూట్లు ఇచ్చేశాక తీసేశాగా! బల్ల మీద అయిపోయిన పని ఉంచుకుంటానా నేను? పైన చూడు."

"పైనంటే?"

"అటక మీద" అని ఆయన గోడ బల్ల మీదున్న హార్డ్ డిస్కుని చూపించారు.

కోడలు డిస్కు తెరిచింది. కుట్టు మీదున్నవాళ్ళవి, అవే నాలుగైదు. అంతకు మించి ఒక్కటి లేదు.

అటక అనే మాట ఆమె చెప్పిందే. కొట్లో ఒకప్పుడు నిజంగానే అటక ఉండేది. దాని నిండా పాదాల అచ్చులు, కొయ్యవీ ప్లాస్టరువీ. చెదపట్టి దూలం వంగింది. అటక దింపేయాల్సి వచ్చినప్పుడు అవన్నీ ఎక్కడ పెట్టాలని మామగారు బెంగపడ్డారు. అప్పుడు కోడలే వస్తువు ఆకారాన్ని పట్టే స్కానరు తెప్పించింది. సెలవులన్నీ ధారపోసి ఒక్కో అచ్చునీ కంప్యూటర్లోకి ఎక్కించింది. కావలసినప్పుడు ఫైలు పంపితే చెక్కుడు మిషనువాళ్ళు కొయ్యలో చెక్కి ఇస్తారు. ఆయన దిద్దిన ప్రతిసారీ మళ్ళీ స్కాన్ చేస్తే సరి. రోజూ కొట్టు మూసే వేళకి స్క్రిప్టు లేచి అన్నిటినీ డిస్కులోకి నకలు తీసిపెడుతుంది. "ఇదే మీ కొత్త అటక మామయ్యా. ఇందులోకి ఎక్కినవి ఎక్కినట్టే ఉంటాయి" అని చెప్పింది. ఆ మాట నమ్మి ఆయన ప్లాస్టరు అచ్చులన్నీ పగలగొట్టించి పెరట్లో గుంటలు పూడ్పించారు. కొయ్యవాటిని చిన్న అచ్చులుగా చెక్కించుకున్నారు. పెరట్లో బట్టలారేసే దారిలో ఇప్పటికీ ఎవరిదో బొటనవేలు పైకి తేలి కనిపిస్తుంది.

ఆమె ఆ మాట చెప్పిననాడు అది అటకే. తర్వాత కాకుండా పోయింది.

మామగారు ఒక్కో అచ్చుకీ దిద్దిన ప్రతిసారీ పేరు మార్చేవారు. 'పోస్టమ్మ', 'పోస్టమ్మ కొత్తది', 'పోస్టమ్మ ఇదే అసలుది'. కంప్యూటర్లో ఒకటే ఉన్నా డిస్కులో అన్నీ పేరుకునేవి. డిస్కు నిండేది. నిండినప్పుడల్లా గిడ్డంగిలో పని మధ్యలో ఉన్న కోడలికి ఫోను మోగేది. ఒకరోజు మధ్యాహ్నం, ఒక చేత్తో తింటూ రెండో చేత్తో, స్క్రిప్టులో ఒక్క మాట చేర్చింది. కంప్యూటర్లో లేనిది డిస్కులోనూ ఉండనక్కర్లేదనే ఆజ్ఞ. ఆ రోజు నుంచి ఫోను మోగలేదు. హమ్మయ్య అనుకుంది. 'పని సరిగ్గా పూర్తయింది' అని స్క్రిప్టు రోజూ పంపే ఉత్తరం విసుగనిపించి, అది కనబడకుండా పక్కకి పోయే ఏర్పాటూ చేసుకుంది. ఎన్ని ఫైళ్ళు తీసేసిందో అది రోజూ బుద్ధిగా చెబుతూనే ఉంది. వినేవాళ్ళే లేరు.

"దొరికిందా?" అన్నారు మామగారు.

"మామయ్యా, నేను అటక అన్నాను కదా. తర్వాత నేనే దాన్ని మార్చాను. మీకు చెప్పలేదు."

"ఏం మార్చావు?"

"మీరిక్కడ తీసేస్తే అక్కడా తీసేసేట్టు."

"ఎందుకలా?"

"డిస్కు నిండిపోతోందని."

"నిండితే?"

"నిండితే మీరు ఫోను చేసేవారు."

మామగారు చేతిలోని తోలు కుట్టే ఆరె బల్ల మీద పెట్టారు. ఆయన కోపగించుకుంటే బాగుండుననిపించింది ఆమెకి. ఆయన మాత్రం పొద్దున్నించీ నిలబడే ఉన్నానని అప్పుడే గుర్తొచ్చినట్టు పీట లాక్కుని కూర్చున్నారు.

"అన్నీనా?" అన్నారు.

"అయిపోయినవాళ్ళవన్నీ."

"నిన్నమొన్నటిదాకా ఉన్న కాలు ఎక్కడికి పోతుందండీ, లేచి నడిచిపోయిందా?" అంది పోస్టమ్మ. తన మాటకి తనే నవ్వబోయి, వాళ్ళ మొహాలు చూసి ఆగింది. "పోనీ, కాలు నా దగ్గరుంది కదా! మళ్ళీ కొలవండి."

"పాదం కొలిస్తే పాదమే వస్తుందమ్మా" అన్నారు మామగారు. "బూటు రాదు. ఎక్కడెంత తీశానో, ఎక్కడెంత పెట్టానో, ఏడాది పాటు నువ్వూ నేనూ పోట్లాడుకుని దిద్దింది అందులో ఉంది. మళ్ళీ మొదట్నించంటే మళ్ళీ ఏడాది."

"నాకున్నది నెల."

పైనుంచి దిగివస్తున్న అత్తగారు ఆఖరి మెట్టు మీదే ఆగిపోయారు.

మర్నాడు కోడలు డిస్కుని సంచీలో వేసుకుని గిడ్డంగికి పట్టుకెళ్ళింది. చెరిగిపోయిన ఫైళ్ళని తవ్వితీసే ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి. భోజనాల వేళ దాన్ని తగిలించి, తిండి డబ్బా మూత తీయకుండా తెర వంక చూస్తూ కూర్చుంది. పైఅధికారి వెనకనించి తొంగిచూశాడు.

"ఏంటమ్మా, సొంత కొంపకే బ్యాకప్పు లేదా? మరి మా గిడ్డంగి గతేంటి?"

"గిడ్డంగికి బానే ఉంది సార్. ఇక్కడ జీతమిస్తారు."

"ఆ, అదీ నిజమే" అని అతను వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా అదే పని. చెరిగిన చోట కొత్త అచ్చులు వచ్చి పడ్డాయి కాబట్టి దొరికినవి చాలావరకు ముక్కలే. ఒకదానికి మడమ ఉంది, వేళ్ళు లేవు. ఒకటి పాదం మధ్యలో కత్తిరించినట్టు ఆగిపోయింది. కొన్ని పూర్తిగా వచ్చాయి. వచ్చిన ప్రతిదానికీ ఆమె ప్రాణం లేచొచ్చేది, పోస్టమ్మది కాదని తెలిసి మళ్ళీ కూలబడేది. చివరికి దొరికిన పోస్టమ్మ ఎడమకాలు మడమ దగ్గరే తెగిపోయింది. సాయంత్రం దాన్ని మామగారికి చూపించింది.

ఆయన తెరకి దగ్గరగా వంగి చాలాసేపు చూశారు. "అందంగా ఉంది" అన్నారు. "దీంతో ఏం చేయలేం."

"నన్ను తిట్టండి మామయ్యా. ఊరికే ఉండకండి."

"తిడితే వేళ్ళొస్తాయా?" అన్నారాయన. "నాకు పోలికలు చెప్పకమ్మా. అటక, బీరువా, చెంబు అని చెప్పకు. అది ఏం చేస్తుందో అదే చెప్పు. అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతాను. నువ్వు అలిసిపోయి ఉంటావని అడగలేదు, అది నా తప్పు" అన్నారు.

ఇక మిగిలింది ఒకటే దారి. ఆ అచ్చు ఆకారం ఇంకా ఒక చోట ఉంది. పోస్టమ్మ కాలికున్న ఆ పాత బూటు లోపల. అందులో ప్లాస్టరు పోసి, గట్టిపడ్డాక తోలు చీల్చి బయటికి తీయాలి. బూటు మళ్ళీ పనికిరాదు. కొత్తది వచ్చేదాకా ఆవిడ వీధిలోకి వెళ్ళడానికి వీలుండదు.

ఆ మాట చెబితే పోస్టమ్మ బూటుని ఒళ్ళో గట్టిగా పట్టుకుంది.

"బాగుందండీ వ్యవహారం! మీరు చెరుపుకుంటారు, నా బూటు కోస్తారు. ఇది పోయి, మీ కొత్తది కుదరకపోతే? అప్పుడు కుంటడానికి కూడా బూటుండదు. సరాసరి స్టూలే."

"అదీ జరగొచ్చు" అన్నారు మామగారు.

"కాదనైనా అనరే ఈయన!"

"నేను సెలవు పెడతానండీ" అంది కోడలు. ఎందుకందో తెలియదు. సెలవు పెట్టినా ఆవిడ బదులు ఉత్తరాలు పంచడం ఆమెకి కుదరదు కదా.

"నువ్వు పెట్టి ఏం చేస్తావమ్మా, నీ మొహం చూస్తే నాకే జాలేస్తోంది" అంది పోస్టమ్మ. "నా సెలవులు కూతురి కాన్పుకని దాచుకున్నా. అవి మీ కంప్యూటరు పురిటికి పోస్తున్నా. గుర్తుంచుకోండి."

అత్తగారు తన మెత్తని చెప్పులు తెచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టారు. "ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుని కూర్చో వదినా. మా కోడలు ఎలాగూ కూర్చోదు. దాని వంతు కూడా నువ్వే కూర్చో."

బూటు బల్ల మీద పెట్టి, పోస్టమ్మ గోడ పట్టుకుని లేచింది. కోడలి భర్త వ్యానులో ఆవిడని ఇంటి దగ్గర దింపి వచ్చాడు.

ప్లాస్టరు పాదం బయటికి వచ్చింది. కానీ అది అచ్చు కాదు. నడిచి నడిచి సాగిన బూటు ఆకారం. సాగింది ఎంతో, అసలుది ఎంతో మామగారు వేలితో తడుముతూ ఊహించుకోవాలి. కోడలు దాన్ని స్కాన్ చేసి చెక్కుడు మిషనుకి పంపింది. కొయ్య అచ్చు వచ్చింది. ఆయన ఆకురాయి పట్టుకున్నారు. రోజూ సాయంత్రం గిడ్డంగి నించి వచ్చి, సంచీ మెట్ల మీదే పడేసి, ఆ రోజు దిద్దినదాన్ని స్కాన్ చేయడం ఆమె పని. ఈసారి స్క్రిప్టు తిరగరాసింది. ఆ ఒక్క మాట తీసేసింది. ఏ రోజు నకలు ఆ రోజు ఫోల్డరులో వేరుగా ఉండేట్టు, ఒకదాని మీద ఒకటి పడకుండా చూసింది. ఇంకో డిస్కు తెచ్చి గిడ్డంగిలో తన సొరుగులో పెట్టుకుంది. ఆ స్క్రిప్టు ఏం చేస్తుందో పోలికలు లేకుండా మామగారికి చెప్పింది. ఆయన మళ్ళీ మళ్ళీ అడిగారు. ఆవలింతలు అణుచుకుంటూ మళ్ళీ మళ్ళీ చెప్పింది.

మొదటి బూటు వేసుకుని పోస్టమ్మ వీధి మలుపుదాకా వెళ్ళి వచ్చి, "ఇది నా కాలు కాదు, మీ ఆవిడదేమో చూసుకోండి" అంది. రెండోసారి, "దూరపు చుట్టరికం కనిపిస్తోంది" అంది. ఆవిడ నడుస్తున్నంతసేపూ మామగారు కళ్ళు మూసుకుని రెండు అడుగుల చప్పుడూ వినేవారు. ఒక అడుగు బరువుగా, ఒకటి తేలిగ్గా. మళ్ళీ ఆకురాయి తీసేవారు.

పోస్టమ్మ డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు వచ్చేసరికి మామగారికి ఇక దిద్దే వ్యవధి లేదు. ఉన్నదాన్ని కుట్టి ఇచ్చేశారు.

ఆ వారం కోడలి సెలవు రోజున పోస్టమ్మ మళ్ళీ వచ్చింది. భుజాన సంచీ ఉంది.

"నడవమన్నాడు, నడిచా" అంది బల్ల మీద కూలబడుతూ. "నేను పళ్ళు బిగబట్టి, దేవుళ్ళందరికీ దండం పెట్టుకుంటూ ఆ గోడ నించి ఈ గోడకి నడుస్తుంటే, ఆయన ఫోను చూసుకుంటూ 'సరే, వెళ్ళండి' అన్నాడు. చూసి అన్నాడో చూడకుండా అన్నాడో అడగలేదు. వీధి నాదే."

"అమ్మయ్య" అన్నారు అత్తగారు.

"పాత బూటంత బాలేదు. చిటికెన వేలు పట్టుకుంటోంది. కొండ మలుపు ఎక్కేటప్పుడు చుక్కలు కనిపిస్తున్నాయి."

మామగారు అచ్చు తీసి, చిటికెన వేలి దగ్గర రవ్వంత అరగదీసి, ఊది, కోడలి చేతికిచ్చారు. ఆమె స్కాన్ చేసింది. స్క్రిప్టు నడిచింది. నల్ల తెర మీద తెల్లని అక్షరాల వరస వచ్చి ఆగింది.

"అయిందా?"

"అయింది మామయ్యా."

"అయితే చెరిపెయ్."

"ఏంటి?"

"ఇప్పుడు దాచినదాన్నే ఇక్కడ చెరిపి, మళ్ళీ తెచ్చి చూపించు. పోయినసారి కూడా అయిందనే చెప్పావు."

"బాబూ, నా కాలు పెట్టి ఆడకండి" అంది పోస్టమ్మ. "ఇంకెవరిదన్నా తీసుకోండి."

"నీదే తీయాలి. పోతుందని భయం లేనిదాన్ని చెరిపితే ఏం తెలుస్తుంది?"

చెరపడానికి కోడలి వేలు రాలేదు. ఇంతకాలం రోజూ దాచడమే తప్ప, దాచినదాన్ని వెనక్కి తెచ్చి చూసుకున్నది ఒక్కసారీ లేదు. గిడ్డంగిలోనూ లేదు. చెరిపింది. ఫోల్డరులో పోస్టమ్మ ఉన్న చోట ఏమీ లేదు. మామగారు తెర మీదికి వంగారు. ఆమె ఆజ్ఞ రాసి ఎంటర్ నొక్కింది. ఎడమకాలు, చిటికెన వేలితో సహా, మళ్ళీ తెర మీద తిరిగింది.

"వచ్చింది" అన్నారు అత్తగారు.

"లే" అన్నారు మామగారు.

"ఎందుకు?"

"నువ్వు తెస్తే వచ్చింది. నువ్వు గిడ్డంగిలో ఉన్నప్పుడు? లే, నేను తెస్తాను."

ఆమె లేచింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కోవడం మొదలుపెట్టారు. కోడలు వెళ్ళి బల్ల మీద పోస్టమ్మ పక్కన కూర్చుని గోడకి తల ఆనించింది.

"ఇక్కడ ఖాళీ పెట్టాలా?"

"పెట్టాలి మామయ్యా." కళ్ళు మూసుకునే చెప్పింది.

"ఈ గీత పైదా, కిందదా?"

"పైది."

"చెరుపుతున్నా మరి."

"అయ్యో, ఆయన్ని చూడమ్మా కాస్త" అంది పోస్టమ్మ ఆమె మోచేయి పట్టుకుని ఊపుతూ.

"చెరపండి మామయ్యా" అంది కోడలు. కళ్ళు తెరవలేదు.